వినకూడని మాట

స్వగతం అంటే నాకిప్పటికీ మంట. స్టేజీ మీద ఒక పాత్ర తన మనసులో మాట పైకి అంటుంది. అది హాలంతా వినాలి, పక్కనే నిలబడ్డ పాత్ర మాత్రం వినకూడదు. ఇదెక్కడి న్యాయం?

డెబ్బైల చివర్లో మా పోర్టు కార్మికుల నాటకంలో నా స్నేహితుడు దివాలా తీసిన షావుకారు, నేను అతని అల్లుణ్ణి. రిహార్సల్లో అతను స్వగతం మొదలెట్టగానే నా తల అటు తిరిగిపోయేది. "నీకు చెవుడనుకోవయ్యా!" అని డైరెక్టరు కేకలేసేవారు.

స్నేహితుడిది ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించిన ఊరు. ఆ సంగతి ఎప్పుడు కదిపినా "పోన్లే బావా" అని బీడీ వెలిగించేవాడు.

ప్రదర్శన నాడు స్వగతం సగంలో రాసిన మాటలు వదిలేశాడు.

"ఊరంతా సదును సేసినారు. మా అమ్మని కాల్సిన సోటేదో నాకే తెల్దు. ఎక్కడ కూకుని ఏడవాలి నాను?"

వింగులో ప్రాంప్టరు కంగారుగా పేజీలు తిప్పుతున్నాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. నేను వెనక తెర మీద గీసిన గులాబీ తోటను చూస్తూ నిలబడ్డాను.

అది అతని సొంత ఏడుపని అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వినకూడనివాణ్ణీ నేనొక్కణ్ణే.