చప్పిడి కూడు

2003 మే నెల, రెండో శుక్రవారం, పొద్దున పదిన్నర గంటలు. గంట ఎట్లా తెలుసంటే, బత్తలపల్లె బస్సు మా ఊరి దగ్గర హారన్ కొట్టేది ఆ వేళకే. ఆ హారన్ వినపడుతుండగా నా తమ్ముడు అరుగు మీంచి లేచి, రెండడుగులు వేసి, పక్కకు ఒరిగి పడిపోయాడు. లేపితే కాళ్ళు నిలబడలేదు. ఏదో అన్నాడు గానీ మాటలు నోట్లోనే ముద్దయిపోయాయి. దారిన పోయే ఒకాయన చూసి, పొద్దున్నే తాగినాడా అని అడిగి పోయాడు. వాడు జన్మలో తాగి ఎరగడు.

నాకు అక్షరాలు నలభై దాటాక రాత్రిబడిలో వచ్చాయి. చుట్టు తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తమ్ముడు ఒళ్ళొంచి పనిచేసే మనిషి. విత్తనం వేసే గొర్రు వాడి చేతిలో ఉంటే, సాలు తాడు పట్టి గీసినట్టుండేది. ఊళ్ళోవాళ్ళు తమ చేలకు కూడా వాడినే పిలిచేవాళ్ళు. అలాంటివాడు 1998 ఎండాకాలంలో, ఆకాశంలో మబ్బుతునక లేని రోజున, ఇంట్లో దాచిన విత్తన శనక్కాయలన్నీ మోసుకుపోయి దుమ్ములో విత్తేశాడు. రేపు వాన వస్తుందని నవ్వుతూ చెప్పాడు. నిద్రపోలేదు, ఆకలనలేదు, మాట ఆపలేదు. మా దగ్గర వానను నమ్మి పిచ్చిపని చేయని రైతు లేడు గనక, ఇది జబ్బని మాకు చాలా రోజులు తట్టలేదు. ఆ విత్తనాలు ఎలుకలు తిన్నాయి.

ఆ తర్వాత అంతా తలకిందులైంది. గోడవైపు తిరిగి మంచం పట్టాడు. చేనికి పోడు, గడ్డం గీసుకోడు, పిలిచినా పలకడు. మా చిన్నాన్న వాకిట్లో నిలబడి అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది.

"ఏమప్పా, ఉప్పూకారం తింటాండావా, గడ్డి తింటాండావా?"

రోషం వస్తే లేస్తాడని అన్నాడు. రోషం లేనివాణ్ణి మా వైపు అడిగే మాటే అది. తమ్ముడి కంటి కొసల నుంచి నీళ్ళు కారాయి, అంతే.

అనంతపురంలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఇది గాలి సోకడమూ కాదు, సోమరితనమూ కాదు, ఒంట్లో రసాయనాలు అదుపు తప్పడం అని చెప్పాడాయన. షుగరు ఉన్నవాణ్ణి తిడితే షుగరు దిగుతుందా అని అడిగాడు. బిళ్ళ రాసిచ్చాడు. పేరు తెలుగులో రాయమంటే లిథియం అని రాశాడు. ఆ 'థ' అంతవరకు నాకు పనిపడని అక్షరం.

బిళ్ళ పనిచేసింది. నాలుగేళ్ళు తమ్ముడు తమ్ముడిలా ఉన్నాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు, నిద్రవేళకు నిద్రపోయాడు, గొర్రు పట్టాడు. కాకపోతే వేళ్ళు సన్నగా వణికేవి, చెంబులకు చెంబులు నీళ్ళు తాగేవాడు. బిళ్ళ రక్తంలో ఎంత చేరిందో అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. ఆ రక్తం బెంగుళూరుకు పోవాలి. 2003లో కరువు ముదిరి ఆ పరీక్ష తప్పిపోయింది.

అమ్మకు మాత్రం దిగులు తీరలేదు. బతికినన్నాళ్ళు మింగాలన్నారంటే తగ్గనట్టే గదా అనేది. వాడి వణికే వేళ్ళను పట్టుకుని ఒత్తుతూ కూర్చునేది. నల్లమాడ వైపు ఒకాయన ఆకుపసరు ఇస్తాడని, మండలం రోజులు ఉప్పు ముట్టకుండా పథ్యం ఉంటే ఈ జబ్బు మొదలంటా పోతుందని ఎవరో చెబితే, పోయి తెచ్చింది. డాక్టరు బిళ్ళ ఆపాలా అని తమ్ముడి పెళ్ళాం, నా మరదలు అడిగింది. వద్దు, రెండూ కలిస్తే తొందరగా గుణం కనపడుతుందని అమ్మ చెప్పింది. తెలివైన మాటే అనుకున్నాం అందరం. సంగటిలో ఉప్పు లేదు, పప్పులో లేదు, మజ్జిగలో లేదు. తమ్ముడు మారుమాట లేకుండా తిన్నాడు. ఆ రోజుల్లోనే కరువు పని కింద చెరువు పూడిక తీయడానికి ఎండలో పోతుండేవాడు. ఇంటికొచ్చి తువ్వాలు పిండితే చెమట కారేది.

రెండో వారంలో కక్కు, విరేచనాలు పట్టుకున్నాయి. లోపలి చెడు బయటికి పోతోందని అమ్మ సంతోషపడింది. ఆ పైన నేను మొదట చెప్పిన శుక్రవారం వచ్చింది.

చిన్నాన్న కొడుకు ఆటో తెచ్చాడు. అనంతపురంలో అదే డాక్టరు తమ్ముణ్ణి చూడగానే, బిళ్ళలు మానేసినారా అని మమ్మల్ని గద్దించాడు. మరదలు తలెత్తి చెప్పింది.

"ఒక్క పూట గూడా మానలేదు సార్. నేనే చేతిలో పెట్టి మింగించినా."

"తిండి ఏం పెడ్తాండారు?"

"చప్పిడి కూడు సార్. పథ్యం."

ఆయన కలం కింద పెట్టాడు. కోపం లేకుండానే చెప్పాడు. ఆ బిళ్ళ కూడా ఒక రకం ఉప్పేనట. మనం తినే ఉప్పుకు చుట్టంలాంటిదట. మూత్రపిండాలకు ఈ రెండింటికీ తేడా సరిగా తెలియదు. తిండిలో ఉప్పు రాక, ఉన్నది చెమటలో పోతుంటే, అవి దొరికినదాన్నల్లా పట్టుకుని వదలవు. అట్లా బిళ్ళ బయటికి పోక రక్తంలో పేరుకుని విషమైంది. కక్కు, విరేచనాలు ఆ విషం గుర్తులేనన్నాడు.

"అయితే నేనేనా సార్?" అని అడిగింది అమ్మ.

ఆయన నర్సును పిలిచాడు. తమ్ముడికి సీసా తగిలించారు. అందులో ఏముందని అమ్మ నర్సును అడిగింది.

"ఉప్పునీళ్ళేమ్మా."

అమ్మ ఆ సీసాలో రాలే చుక్కలనే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం బెంగుళూరుకు పంపారు. అక్కడ రక్తం శుద్ధి చేశారు. ప్రాణం దక్కింది. నడకా మాటా మునుపటిలా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. రాలేదు. ఆ ఏడు ఆషాఢంలో ఒక పదును వాన పడితే తమ్ముడు గొర్రు పట్టాడు. సాలు వంకర్లు పోయింది. చేను నడిమిదాకా పోయి, గొర్రు వదిలేసి సాల్లోనే కూర్చుండిపోయాడు. చిన్నాన్న పోయి గొర్రు అందుకున్నాడు. పాత బిళ్ళ ఇక ఇవ్వకూడదని వేరేది ఇచ్చారు. దానికి అంత పట్టు లేదు. వాడి మనసు మళ్ళీ పైకీ కిందికీ పోవడం మొదలైంది.

ఆ శుక్రవారం నుంచి అమ్మ ఉప్పు మానేసింది. నేను తిట్టాను. నువ్వు ఉప్పు మానితే వాడికి నడక వస్తుందా అన్నాను. "రాదు, నాకు తెల్సు" అనింది. తింటూనే ఉంది, చప్పిడిగా.

ఒక పగలు తమ్ముడు పక్కన కూర్చుని తింటూ, ఉప్పు గిన్నె లాక్కుని, చిటికెడు తీసి అమ్మ సంగటి మీద వేయబోయాడు. చెయ్యి వణికి సగం నేలపాలైంది. ఒక్కో ముక్కా కూడదీసుకుని అన్నాడు.

"తినుమ్మా. ల్యాకుంటే నాకు రోషమొస్తాది."

అమ్మ తినింది. ఆ పొద్దు నుంచి వాడు వేస్తేనే ఆమెకు ఉప్పు. వాడు గోడవైపు తిరిగి పడుకున్న నెలల్లో మళ్ళీ చప్పిడి కూడే. 2008లో అమ్మ పోయింది. అప్పుడు కూడా వాడు గోడవైపే ఉన్నాడు.

నేనేనా అని అమ్మ అడిగిన ఆ శుక్రవారం ఆసుపత్రిలో ఉన్నవాళ్ళం వీళ్ళం. మంచం మీద నా తమ్ముడు, మిగిలిన బిళ్ళలు కొంగున కట్టుకున్న మరదలు, తలుపు దగ్గర చిన్నాన్న కొడుకు, డాక్టరు, నర్సు, నేను, ఉప్పునీళ్ళ సీసా కింద మా అమ్మ.