నూట ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయిన గీత

నేను లాలాగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మా అమ్మాయి శ్రావణి ఏడో తరగతి నా దగ్గరే చదివింది. ఆ రోజు లైన్ గ్రాఫ్ పాఠం. పుస్తకంలో ఉన్న వర్షపాతం లెక్క పిల్లలకు విసుగని, ఎవరి హెల్త్ కార్డు వాళ్లకిచ్చి, నాలుగో తరగతి నుంచి తమ ఎత్తును గ్రాఫ్ కాగితం మీద గీయమన్నాను. అడ్డంగా తరగతులు, నిలువుగా సెంటీమీటర్లు. చుక్కలు పెట్టి కలపాలి. గీత పైకి వెళ్తే పెరిగినట్టు, అడ్డంగా సాగితే కాలం గడిచినా మార్పు లేనట్టు. అంతే పాఠం.

శ్రావణి చుక్కలు 128, 130, 131, 131. పక్కన కూర్చున్న మౌనిక తొంగి చూసి, "టీచర్, శ్రావణి లైను గిట్ల పండుకున్నదేంది?" అంది. క్లాసంతా నవ్వింది.

నాకు మా అమ్మాయి మీదే కోపం వచ్చింది. "కార్డు చూడకుండా ఒకే అంకె రెండుసార్లు వేశావా, నిద్రమొహం? మళ్లీ గియ్యి" అని అందరి ముందూ ఆ కాగితం చించాను. అది ఏడవలేదు. కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, "అందులో అంతే ఉందమ్మా" అంది. క్లాసులో ఎప్పుడూ టీచర్ అని పిలిచే పిల్ల.

నిజమే, అంతే ఉంది. ఆ ఏడాది జూన్‌లో క్లాసు పిల్లల్ని కొలిచి రాసిన రెండో 131 నా చేతిరాతే.

రెండేళ్లుగా అది సాయంత్రం స్కూలు నుంచి రాగానే పడుకునేది. మలబద్ధకం. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది. ముఖం ఉబ్బింది, చర్మం పొలుసులు లేచింది. ఒక్కోదానికి ఒక్కోసారి మోండా మార్కెట్ దగ్గర మా ఫ్యామిలీ డాక్టరుకు చూపించాను. ఎత్తు సంగతి కూడా ఒకసారి అడిగాను. ఆయన పిల్లను లేచి నిలబడమని కూడా అనలేదు. "మీరెంతున్నరమ్మా? సారెంత? మరి పాప యాడికెల్లి తెస్తది హైటు? పరేషాన్ కాకుండ్రి" అని ఐరన్ టానిక్ రాశాడు.

మా ఆయనది బేగంపేటలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆ రోజుల్లో ఆయన ఇంటికొచ్చేదే తినడానికి, పడుకోవడానికి. "మా శ్రీకాకుళంలో మావోలందరూ పొట్టోలే. దానికేటవుద్ది, పెరుగుద్ది" అనేవాడు. నేనూ ఆ మాటనే పట్టుకుని ఊరుకున్నాను.

గ్రాఫ్ గీసిన ఆ వారంలోనే స్కూల్‌కి సెలవు పెట్టి పెద్దాసుపత్రిలో హార్మోన్ల డాక్టరు, ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ శ్రావణిని గోడకు ఆనించి కొలిచారు. గ్రోత్ చార్ట్ తీసి, కార్డులోని అంకెలకు తన పెన్నుతో చుక్కలు పెట్టి కలిపారు. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రాశారు, ఎముకల వయసు చూడటానికి ఎడమ చేతికి ఎక్స్‌రే రాశారు.

రెండు రోజుల తర్వాత రిపోర్టులు వచ్చాయి. ఐదు లోపు ఉండాల్సిన టీఎస్‌హెచ్ నూటికి పైన. బోన్ ఏజ్, అంటే ఎముకల వయసు, తొమ్మిదేళ్లు; పిల్లకు పన్నెండు నిండాయి. "హైపోథైరాయిడిజం. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయట్లేదు. చాన్నాళ్ల నుంచి ఉంది" అన్నారు డాక్టరు.

"పొట్టివాళ్ల పిల్లలు పొట్టిగా ఉంటారన్నారండీ."

"పొట్టివాళ్ల పిల్లల గీత కింద ఉంటుందమ్మా, కానీ పైకి ఎక్కుతూనే ఉంటుంది. ఇలా ఆగిపోదు. ఇది ఆగినప్పుడే ఒక్క బ్లడ్ టెస్టు చేయించి ఉంటే సరిపోయేది."

ఆ ఒక్క మాట నన్ను ఈ రోజుకీ కాలుస్తుంది.

థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టాం. మూడు నెలలయ్యాక చూస్తే టీఎస్‌హెచ్ పెద్దగా దిగలేదు. డాక్టరు అడిగితే చెప్పాను, పొద్దున్నే మాత్ర, పాలు, ఐరన్ టానిక్ అన్నీ ఒకేసారి ఇస్తున్నానని. "ఐరన్, పాలు కలిస్తే మాత్ర ఒంటికి పట్టదు. మొదటిరోజే నేను అడిగి ఉండాల్సింది" అన్నారావిడ. మందుల షాపువాడూ చెప్పలేదు. మూడు నెలలు మాత్ర వేస్తూనే ఉన్నాం, పిల్ల నీరసంగా పడుకునే ఉంది.

ఆ సాయంత్రం టానిక్ సీసా, నేను చించి టేపుతో అతికించిన ఆ గ్రాఫ్ రెండూ పట్టుకుని ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. లైను దాటుకుని లోపలికి వెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇది చదవండి సార్. ఏడో తరగతి పిల్లలు చదువుతున్నారు."

ఆయన చూశాడు. "మేడం, రోజుకు ఎంతమంది వస్తరో ఎరకనా? ప్రతి పిల్లను కొలుసుకుంట కూసుంటనా?"

"నా పిల్లకు రెండేళ్లు పోయాయి."

"కార్డు మీ స్కూల్లనే ఉండె గద. మీరు సుత చూడలే."

అతని తప్పు అతనిదే, కానీ ఆ మాట అబద్ధం కాదు. బయటికొచ్చి రోడ్డు మీద ఏడ్చాను.

మాత్ర వేళ మార్చాక ఆరు వారాలకే తేడా తెలిసింది. ముందు జుట్టు రాలింది, మందు మొదట్లో అది మామూలేనన్నారు డాక్టరు; నిద్ర తగ్గింది, అది ఊరికే ఒకచోట కూర్చునేది కాదు. క్లాసులో గొడవ చేస్తోందని సైన్స్ టీచర్ ఫిర్యాదు చేస్తే నాకు సంతోషమే వేసింది. మొదటి ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది. తర్వాత మెల్లగా ఆగింది. పోయిన ఎత్తు మొత్తం తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పారు, అలాగే అయింది.

ఇప్పుడు శ్రావణి ఇంటర్ చదువుతోంది. నాకంటే కొంచెం పొట్టి. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటుంది, జీవితాంతం వేసుకోవాలి. అది బాధపడటం మానేసింది. "క్లాసులో అందరి ముందూ చించావు కదమ్మా, అదొక్కటే గుర్తుంది" అంటుంది నవ్వుతూ. నాకు నవ్వు రాదు.

తల్లులకు నేను చెప్పేది ఒకటే. ఆరు నెలలకోసారి పిల్లల్ని చెప్పుల్లేకుండా గోడకు ఆనించి కొలిచి, తేదీతో రాసిపెట్టండి. ఒక్క అంకె చూసి ఏమీ తెలియదు, వెనకటి అంకెలతో కలిపి చూడాలి. ఏడాదిపాటు ఎత్తు కదలకపోతే ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, థైరాయిడ్ పరీక్ష రాయమని అడగండి. ఆయనకు కోపం వస్తే రానివ్వండి, పరీక్ష రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.