లోలోపల వేడెక్కే ఇంజను

మామయ్య నడిపే బండి ఏదైనా సరే, కొండెక్కితే ఇంజను వేడెక్కుతుంది. ఎండలోనే కాదు, మంచు కురుస్తున్నా వేడెక్కుతుంది. ఎక్కేటప్పుడంటే సరే, దిగేటప్పుడు కూడా వేడెక్కే ఇంజను లోకంలో ఆయనకొక్కడికే దొరికింది. యాత్రల కంపెనీలో పనిచేసినప్పుడు వాళ్లు ఆయనకు బస్సు మీద బస్సు మార్చి చూశారు. అన్నీ వేడెక్కాయి. చివరికి మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టి పంపారు. అతను తిరిగొచ్చి, ఇంజను బంగారంలా ఉంది, తేడా ఏదైనా ఉంటే డ్రైవరులోనే ఉందన్నాడు. మేనేజరు అందరి ముందూ మామయ్యను అబద్ధాలకోరని తిట్టి, రేపట్నుంచి షెడ్డులో బస్సులు కడగమన్నాడు. మామయ్య తాళంచెవి బల్ల మీద పెట్టి, "మంచిదండీ" అని ఇంటికొచ్చేశాడు.

"ఆడలేక మద్దెల ఓడంటారే, అదీ మీ మామయ్య వరస" అని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పేది. తర్వాత ఆయన పాత వ్యానొకటి కొని, కొండలు, పార్కు, వాటికవతల వానలకు కోసుకుపోయిన మట్టిలోయలు చూపించడానికి సొంతంగా మనుషుల్ని తిప్పడం మొదలుపెట్టాడు. కొన్న రోజు దిగువూళ్లో ఆ వ్యాను లేడిపిల్లలా పరిగెత్తింది. మర్నాడు కొండెక్కింది. వేడెక్కింది.

ఆ వ్యానులో వివరాలు చెప్పే ఉద్యోగం మేనల్లుడిది. ఇంట్లో అతన్ని మేధావి అనేవాళ్లు, మెచ్చుకోలుగా కాదు. పరీక్షలు తప్పాడు గానీ లైబ్రరీలో పై అర నుంచి కింది అర దాకా చదివేశాడు. లోకం తనను గుర్తించడం లేదని అతని బాధ. ఆ సంగతి ఇంకా లోకం దాకా వెళ్లలేదు. డ్రైవరు పక్కన నిలబడి, ప్రయాణికుల వైపు తిరిగి, కొండ ఎలా పుట్టిందో, రాయి ఎలా పొరలు కట్టిందో చెబుతూ ఉండేవాడు. వెనక్కి తిరిగి నిలబడ్డవాడికి మలుపు మలుపుకీ ఏమవుతుందో మాత్రం అతను చదివిన పుస్తకాల్లో లేదు. మాట మంచి పట్టులో ఉండగా నోట్లో నీళ్లూరేవి, కడుపులో కవ్వం తిరిగేది.

సరిగ్గా అప్పుడే మామయ్య బండి ఆపేవాడు. "ఇంజను వేడెక్కిందండీ. కాస్త అటూ ఇటూ తిరిగి రండి. ఆ రాళ్ల వెనక గాలి బాగుంటుంది." బానెట్టు ఎత్తి, పొయ్యి మీద పాలకు కాపలా ఉన్నవాడిలా లోపలికి చూస్తూ నిలబడేవాడు. నీళ్ల డబ్బా మాత్రం ఇంజను దగ్గర కాకుండా రాళ్ల దగ్గర పెట్టేవాడు. మేధావి ఆ రాళ్ల పొరలు పరిశీలించాలంటూ వెళ్లి వచ్చేవాడు. ఆ పరిశీలనలో ఏం తేలిందో ఎవరికీ చెప్పేవాడు కాదు. తిరిగొచ్చి, ఈ డొక్కు బండి వల్ల తన ఉపన్యాసం పాడైందని మామయ్య మీద విసుక్కునేవాడు. కొండగాలి పీల్చి పెరిగిన తనకు కడుపులో తిప్పడమేమిటని, అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. ఇంజను తనను ఆదుకోవడం కేవలం అదృష్టమనుకునేవాడు.

అలా ఉండగా మట్టిలోయల అంచున ఉన్న లాడ్జి యజమానురాలు కబురు పెట్టింది. సీజనంతా తన అతిథుల్ని తీసుకురావడానికి ఒక బండి కావాలి. స్వయంగా కూర్చుని చూస్తానంది. సాయంత్రం టీ వేళకు లాడ్జి చేరాలి, దారిలో ఇంజను పేరు చెప్పి ఆపకూడదు, ఆ కథలన్నీ తను విన్నానంది. ఈ బేరం తప్పితే వ్యాను అమ్ముకుని మామయ్య మళ్లీ ఆ షెడ్డు గుమ్మం తొక్కాల్సిందే. ఇవాళ గనక ఇంజను వేడెక్కితే ఇంటికి రావద్దని అత్తయ్య ముందే చెప్పి పంపింది.

ఆ రోజు కొండలు నీలంగా మెరిశాయి. పార్కులో జింకలు రోడ్డు పక్కన నిలబడి, బండి ఆగకుండా వెళ్లడం చూసి ఆశ్చర్యపోయినట్టున్నాయి. లాడ్జి మేడం ముందు సీట్లో చేతిసంచి గట్టిగా పట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. ఆమెకు తన ఉపన్యాసం అంతగా పట్టిందని మేధావి మురిసిపోయాడు. ఘాటు రోడ్డు దాటి చాలాసేపు దిగువకు జారాక మట్టిలోయలు కనిపించాయి. ఎరుపు, పసుపు, బూడిద రంగు చారలతో నేలంతా చీలికలు పేలికలుగా పడి ఉంది. అతను చెయ్యి చాపి, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదన్నాడు. ఆ మాట అనగానే అతని కడుపులో ఒక అల లేచింది.

పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని తిరిగి, అద్దం వైపు చూశాడు. అద్దంలో మామయ్య కళ్లున్నాయి. అది వెనక వచ్చే బండ్ల కోసం కాదు, సీట్ల కోసం తిప్పి ఉంది. ఇన్నాళ్లూ ఆ అద్దం కిందే నిలబడి లోకమంతా చూసినవాడు అద్దాన్ని మాత్రం చూడలేదు. ఆపవద్దని తల అడ్డంగా ఊపాడు.

మామయ్య ఆపేశాడు. "ఇంజను వేడెక్కిందండీ."

మేధావి రాళ్ల వెనక్కి పరిగెత్తాడు. లాడ్జి మేడం దిగి, బానెట్టు మీద అరచెయ్యి పెట్టింది. అప్పటిదాకా దిగువకు జారుతూ వచ్చిన బండి.

"చల్లగానే ఉందే" అంది.

"ఇది పైకి తెలియనివ్వదండీ. లోలోపల వేడెక్కే రకం."

"నాకు అబద్ధాలు చెప్పేవాళ్లు అక్కర్లేదు."

"మంచిదండీ" అన్నాడు మామయ్య.

ఆ మాట రాళ్ల వెనక్కి వినిపించింది. అక్కడే ఉండిపోతే మేధావి పరువు దక్కుతుంది, బండి పోతుంది. అతను మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇంజనుకేం కాలేదండీ. నాకు వాంతి వచ్చింది. ఆయన అద్దంలో నా మొహం చూసి ఆపాడు. ఎవరి మొహం పాలిపోయినా ఆ నేరం ఇంజను మీద వేస్తాడు."

"వాడి మాటలు పట్టించుకోకండి. ఎక్కువ చదివాడు, పాపం" అన్నాడు మామయ్య.

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నీళ్ల డబ్బా తీసుకుని, ఇంకో రాయి వెనక్కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మొహానికి రంగొచ్చింది. అందరి బండ్లూ తన లాడ్జికి టైముకే వస్తాయని, దిగినవాళ్లు నేరుగా మంచమెక్కుతారని, వండింది వండినట్టే మిగులుతోందని చెప్పింది. ఆకలితో దిగే అతిథులు కావాలట. బేరం కుదిరింది, ఒక్క షరతుతో: బండి కదులుతున్నంతసేపూ మేధావి మాట్లాడకూడదు.

వచ్చేటప్పుడు అతను ముందుకు తిరిగి, నోరు మూసుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గర పడ్డాక అడిగాడు, ఆ మేనేజరుకి ఈ సంగతి ఎందుకు చెప్పలేదని.

"ఏమని చెప్పనురా? మెకానిక్కు కూర్చున్న రోజు వెనక సీట్లో కొత్తగా పెళ్లయిన పిల్ల ఉంది, అత్తగారి పక్కన. కొత్త చీర. కడుపులో తిప్పుతోందని ఎవరితో చెప్పుకుంటుంది? ఇంజనుకైతే సిగ్గుండదు."

మేధావి ఇప్పుడు పార్కు ఆఫీసులో, కదలని కుర్చీలో కూర్చుని రాళ్ల గురించి చెబుతున్నాడు. వింటున్నవాళ్లకు కడుపులో తిప్పితే ఆపడానికి అక్కడ మామయ్య లేడు. మొన్న ఆయనే ఆ ఆఫీసు ముందు కనిపించాడు. పాత వ్యాను పోయి, కరెంటుతో నడిచే కొత్తది వచ్చింది. దానికి బానెట్టు కింద ఖాళీ డొక్క తప్ప వేడెక్కడానికేమీ లేదు. మేధావి దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇక కొండ మీద ఆపడానికి వంకేముందని అడిగాడు.

మామయ్య సీటెక్కి, అద్దం సరిచేసుకుని అన్నాడు:

"మోకాళ్లు నావేగా. పట్టేశాయంటాను. ఈ వయసులో కాదనేదెవరు?"