ఆసుపత్రికి కరెంటు వచ్చిన శనివారం

2023 వేసవి. అప్పటికి నేను అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో పవర్ ఇంజనీర్‌ని. ఆసుపత్రిలో కరెంటు పోతే జనరేటర్ ఎన్ని సెకన్లలో అందుకోవాలి, ఏ వార్డుకు ముందు ఇవ్వాలి అని డ్రాయింగుల్లో తేల్చడం నా పని. ఇరవై ఏళ్లకు పైగా ఇదే చేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జీతం లేకుండా, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చేసిన పని గురించి.

మా ఆవిడ సునీతకు గ్రేస్ అని చిన్ననాటి స్నేహితురాలు ఉంది. తెనాలి అమ్మాయి, డాక్టరు. ఆఫ్రికాలో, మలావీ దేశంలో ఒక పల్లెటూరి మిషన్ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆ ఊరికి కరెంటు లైను లేదు. లైట్లు సోలార్ మీద, ఆపరేషన్లూ నీళ్ల మోటారూ డీజిల్ జనరేటర్ మీద నడిచేవి. డీజిల్ అందని వారాల్లో ఆమె తలకు టార్చి కట్టుకుని సిజేరియన్లు చేసేది. ఒక రోజు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, స్తంభాలు మా గేటు దాకా వచ్చేశాయి. లోపలి పని ఎవరు చూడాలో ఎవరికీ తెలీదు. మీరు చూడరూ?"

ఎగిరి గంతేశాను. ఇక్కడ నేను చూసే ఆసుపత్రులన్నిటికీ కరెంటు ఎప్పటి నుంచో ఉంది. పోతే ఏం చేయాలన్నదే నా వంతు. అసలు కరెంటే మొదటిసారి వచ్చే ఆసుపత్రి నా చేతికి రావడం అదే. ఆఫీసు నుంచి రాగానే లాప్‌టాప్ తెరిచేవాణ్ని. అన్నం చల్లారిపోతోందని సునీత పిలిచినా వినిపించేది కాదు.

అక్కడ నా చేతులూ కళ్లూ గిఫ్ట్ అనే ఆయన. యాభై దాటిన ఎలక్ట్రీషియన్, పాతికేళ్లుగా ఆ జనరేటర్‌ని బతికిస్తున్న మనిషి. నేను డ్రాయింగ్ పంపితే ఆయన పని చేసి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టేవారు. ఈ పనంతటికీ గుండెకాయ ఛేంజోవర్ స్విచ్. దాని పిడి ఒక పక్కకు వేస్తే లైను కరెంటు, రెండో పక్కకు వేస్తే జనరేటర్. గిఫ్ట్ దాన్ని ఎంత పొందికగా బిగించారంటే, ఆ ఫోటో మా ఆఫీసులో అందరికీ చూపించాను.

ఆయన ప్రశ్నలు చాలా అడిగేవారు. మొదటి నెల ఓపిగ్గా జవాబులిచ్చాను. తర్వాత విసుగొచ్చింది. స్విచ్ వేయడానికి మూడు వారాల ముందు ఒక మెసేజ్ వచ్చింది: "సర్, లైను ఫేజ్ సీక్వెన్స్, జనరేటర్ ఫేజ్ సీక్వెన్స్ ఒకటేనా? ఎవరు చూడాలి?" పెద్ద మోటార్లకు కరెంటు మూడు వైర్లలో, మూడు ఫేజులుగా వస్తుంది. అవి వచ్చే వరుసను బట్టి మోటారు ముందుకో వెనక్కో తిరుగుతుంది. ఆ వరుసే ఫేజ్ సీక్వెన్స్. అడగాల్సిన ప్రశ్నే అడిగారాయన. నేనే ముందు రాసి ఉంచాల్సింది. రెండు మీటింగుల మధ్య ఉండి, "నాట్ ఇన్ స్కోప్" అని కొట్టి పంపాను. అంటే ఇది నా పనిలోకి రాదని. ఎదుటివాళ్ల ముఖం మీద మర్యాదగా తలుపు మూయడానికి మా వృత్తిలో వాడే మాట అది. "థాంక్యూ సర్" అని జవాబొచ్చింది. ఆ తర్వాత గిఫ్ట్ ఇంకేమీ అడగలేదు. ప్రశ్నలు ఆగినందుకు సంతోషించాను కూడా.

ఆ శనివారం ఇక్కడ ఉదయం ఏడు, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. సునీత స్టవ్ ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుంది. గ్రేస్ పట్టుకున్న ఫోన్‌లో నర్సులు, రోగుల చుట్టాలు, చంకల్లో పిల్లలతో తల్లులు, అందరి మధ్యా పిడి మీద చెయ్యేసి గిఫ్ట్.

"వేయనా సర్?"

"వేయండి."

ఠక్కున చప్పుడు. వరండా పొడుగునా లైట్లు వెలిగాయి. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ తీసిన కేకకి మా లాప్‌టాప్ స్పీకర్ బొంగురుపోయింది. ఎవరో పాట అందుకున్నారు. గ్రేస్ ఫోన్ పట్టుకుని గది గదికీ పరిగెత్తింది. టీకాల ఫ్రిజ్, స్కానింగ్ మెషీన్, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఇంక్యుబేటర్, అన్నీ పనిచేస్తున్నాయి.

"సునీ, ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ వస్తోందే. స్వెటర్ వేసుకోవాలేమో."

"నీ టార్చి మ్యూజియంకి ఇచ్చెయ్యి ఇంక," అంది సునీత కళ్లు తుడుచుకుంటూ. నేను లేచి వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. కూర్చోవడం నా వల్ల కాలేదు.

ముప్పావుగంట తర్వాత గ్రేస్ మళ్లీ కాల్ చేసింది. గొంతు మారిపోయింది. మోటారు నడుస్తోంది గాని ట్యాంకులోకి నీళ్లు ఎక్కడం లేదు. పైపులోంచి సన్నటి ధార, అంతే. ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ గిఫ్ట్‌ని నిలదీస్తున్నాడు.

"నిన్నటిదాకా ఆడిన మోటారు ఇవాళే ఎందుకు చెడింది? పొద్దున స్టార్టర్ మీద చెయ్యి పెట్టింది ఎవరు?"

"నేనే సర్. స్క్రూలు బిగించాను, అంతే. ఒకసారి జనరేటర్ మీద వేసి చూద్దాం."

"డీజిల్ ఎక్కడుంది? ఉన్నది నిన్నటితో అయిపోయింది. లైను వస్తోందని ఈ నెల తెప్పించలేదుగా. బోరులోంచి మోటారు పైకి లాగండి. ఇంకెప్పుడూ నువ్వు దాని జోలికి రావద్దు."

అరవై మీటర్ల పైపు లాగి, మోటారు చూసి, మళ్లీ దింపాలంటే రెండు రోజులు. ట్యాంకులో నీళ్లు సాయంత్రానికి కూడా చాలవు. "ఒకావిడకి ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి అన్నయ్యా," అంది గ్రేస్. "కొళాయి ఆగిపోతే నేను కత్తి పట్టుకోలేను."

జబ్బేమిటో నాకు అప్పటికే అర్థమైంది. మోటారు వెనక్కి తిరుగుతోంది. లైట్లకూ ఫ్రిజ్‌లకూ ఫేజుల వరుసతో పనిలేదు కాబట్టి అవి బాగానే ఉన్నాయి. తెలిసీ మ్యూట్ నొక్కాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ మెసేజ్ సంగతి ఎత్తకుండా, అప్పుడే తట్టినట్టు ఒక సలహాగా చెప్తే సరిపోదా అని మాటలు కూర్చుకుంటున్నాను. తెర మీద గిఫ్ట్ తల వంచుకుని నిలబడి ఉన్నారు.

సునీత నా వైపు చూసింది. "మీకు తెలుసు కదా. మొహం చూస్తే తెలుస్తోంది. మ్యూట్ తియ్యండి."

తీశాను. "మోటారు పాడవలేదు. వెనక్కి తిరుగుతోంది. గిఫ్ట్ మూడు వారాల కిందటే దీని గురించి అడిగారు. నా పని కాదని తోసేశాను. తప్పు నాది, ఆయనది కాదు."

అడ్మినిస్ట్రేటర్ గిఫ్ట్ వైపు తిరిగి, "నువ్వు అడిగావా?" అన్నాడు. గిఫ్ట్ ఫోన్ దగ్గరికి వచ్చారు.

"రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే చాలు కదా సర్?"

"చాలు. ఛేంజోవర్‌లో లైను పక్కన. ముందు మెయిన్ బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో..."

"తెలుసు సర్."

ఆసుపత్రిలో లైట్లు మళ్లీ ఆరాయి. పావుగంటలో మూడు వైర్లలో రెండు చోటు మారాయి. పిడి పడింది. ట్యాంకు దగ్గర పైపు రెండుసార్లు దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత నా మణికట్టంత లావు ధార దూకింది. పాట మళ్లీ మొదలైంది, ఇందాకటి కంటే గట్టిగా. నర్సులు గిఫ్ట్‌ని నిలువునా తడిపేశారు. గ్రేస్ ఫోన్ ఎవరి చేతిలోనో పెట్టి థియేటర్‌కి పరిగెత్తింది. మూడు గంటల తర్వాత మెసేజ్ పెట్టింది: ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు గిఫ్ట్‌కి విడిగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆయన అన్న మాట ఇది. "సర్, పైపు చప్పుడు వినగానే వెనక్కి తిరుగుతోందనే అనుకున్నాను. కానీ అమెరికాలో ఉన్న ఇంజనీరు ఫేజుల వరుస చూడక్కర్లేదన్నారు కదా, నాకు తెలిసిందే తప్పేమో అనుకుని ఊరుకున్నాను."

జవాబు ఇవ్వకపోతే ఒక ప్రశ్న మిగిలిపోతుంది, అంతే కదా అని అంతవరకూ అనుకునేవాణ్ని. పాతికేళ్లు మోటార్ల చప్పుడు విన్న మనిషి తన చెవుల్నే నమ్మడం మానేసేలా చేయగలనని తెలీదు. ఇప్పుడు ఏ ఆసుపత్రి డ్రాయింగ్ మీదైనా సంతకం పెట్టే ముందు, అక్కడ స్విచ్ మీద చెయ్యి వేసే మనిషికి ఫోన్ చేస్తాను. మీకు ఎక్కడ అనుమానంగా ఉంది అని అడుగుతాను. చాలామంది ఏమీ లేదంటారు. వెంటనే ఫోన్ పెట్టేయను. కాసేపు ఆగితే, "అంటే, ఒక్క చిన్న విషయం" అని మొదలుపెడతారు.