బండ్ల వెంట ఉరికిన మోతి

వానలు మొదలుకాగానే మా హాస్టల్ వంటామె గుమ్మంలో ఒక తడి గోనెసంచి పరుస్తుంది, బురద కాళ్లు తుడుచుకోవడానికి. షాద్‌నగర్‌లో ఈ హాస్టల్లో చేరి రెండేళ్లవుతోంది. పొద్దున్నే కంపెనీ బస్సు కోసం పరుగెత్తే పన్నెండుమందిమీ ఆ సంచి మీద కాళ్లు రుద్దుకుని పోతాం. మిగతావాళ్లకు అది ఉందన్న ధ్యాస కూడా ఉండదు. నాకు మాత్రం జనపనార, మట్టి, తడి కలిసిన ఆ వాసన తగలగానే ఒడిలో ఏదో బరువు వచ్చి కూర్చున్నట్టవుతుంది, వెచ్చగా, కదలకుండా, ఊపిరి తీస్తున్న బరువు. ఏడుపేమీ రాదు. ఆనాడూ రాలేదు. కాళ్లు తుడుచుకుని బస్సెక్కుతాను.

మా ఊరు కట్టంగూర్ నుంచి ఐదు కిలోమీటర్లు లోపలికి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నాకు తొమ్మిదేళ్లు. మా ఇంటికీ యాదగిరి మామ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా అమ్మ కారం దంచితే వాళ్లింట్లో తుమ్మేవారు, వాళ్లింట్లో జొన్నరొట్టె కాలితే మా ఇంట్లో ఆకలయ్యేది. మామ మాకు చుట్టం కాదు, ఊరి వరస. తాటిచెట్లెక్కి కల్లు గీయడం ఆయన పని. ఎండాకాలంలో ఆయన భుజాన లేత తాటిగెల వేసుకొచ్చి కాయల తలలు చెక్కి వరుసగా పెడితే, మేం పిల్లలం బొటనవేలు దూర్చి ముంజలు లాగి మింగేవాళ్లం, ఆ చల్లటి నీళ్లు మోచేతుల దాకా కారేవి. వానాకాలంలో నిప్పుల మీద కాల్చిన తాటిపండు పీచు రెండు రోజులదాకా పళ్ల సందుల్లోంచి పోయేది కాదు. చలి ముదిరాక మామ భార్య పద్మ అత్త కుండలో ఉడకబెట్టిన తాటితేగలను, మేం గేగులనేవాళ్లం, నడిమికి చీల్చి ఉప్పు అద్ది ఇచ్చేది. ఇవన్నీ తెచ్చే మామ వెనకాల ఎప్పుడూ ఒక బక్క కుక్క ఉండేది. ఎర్రటి ఒళ్లు, ఒక చెవి తెల్లగా. దాని పేరు మోతి. మామ చెట్టెక్కితే అది చెట్టు మొదలు దగ్గర పడుకుని పైకి చూస్తూ ఉండేది, ఆయన దిగేదాకా.

ఆ ముంజల కాలంలోనే ఒక మధ్యాహ్నం మామ చెట్టు మీంచి పడ్డాడు. ఆంబులెన్సు వచ్చేదాకా ఆగలేమని మా నాయినా ఇంకొకాయనా ఆయన్ని మోటార్‌సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. ఆయన కుడికాలు విరిగిన కొమ్మలా పక్కకు వేలాడడం నాకింకా కళ్ల ముందుంది. మోతి ఆ బండి వెంట ఉరికింది. హైవే దాకా పోయిందని చూసినవాళ్లు చెప్పారు. పొద్దుగూకే వేళకు ఒక్కతే తిరిగొచ్చి, నాలుక బయటపెట్టి, వాళ్ల గడప ముందు పడుకుంది.

మర్నాటి నుంచి మా వాడలోకి ఏ మోటార్‌సైకిల్ వచ్చినా దాని వెంట పడడం మొదలుపెట్టింది. ఆటో వస్తే తల కూడా ఎత్తేది కాదు. ట్రాక్టరు పోతే లేచి పక్కకు జరిగేది. బండి శబ్దం వినబడిందంటే మాత్రం ఎక్కడున్నా మొరుగుతూ వచ్చి, చక్రం పక్కనే, నడిపేవాళ్ల మొహం వైపు చూస్తూ పరుగెత్తేది. బడి సెలవుల్లో మేం అరుగు మీద కూర్చుని అష్టాచెమ్మ ఆడుతూ, దూరం నుంచి వచ్చే చప్పుడు విని అది బడిసారు బండా, పాలబండా, ఎరువుల దుకాణం వాళ్లదా అని పందెం వేసుకునేవాళ్లం. మాకంటే ముందు మోతికి తెలిసిపోయేది.

"గది కరవనీకి పోతలేదురా," అనేది పద్మ అత్త. "మీ మామ ఉన్నడేమోనని సూస్తాంది."

ఇరవై రోజులకు మామ ఇంటికొచ్చాడు. కాలు అతికింది కానీ వంగదు, ఇక చెట్టెక్కడం కుదరదని డాక్టర్లు చెప్పారు. మోతి ఆయన మంచం కింద పడుకుని ఆయన చేతిని నాకేది, బండి శబ్దం రాగానే మళ్లీ లేచి ఉరికేది. అప్పటికి అది అలవాటైపోయింది. మొత్తం మీద ఎవరినీ కరవలేదు. అయినా అదే వానాకాలం మా వాడకు సిమెంటు రోడ్డు పడి బండ్ల వేగం పెరిగింది, ఒకరిద్దరు తూలి పడబోయారు, పంచాయితీ మామ మంచం దగ్గరికొచ్చింది. నీళ్లు చల్లమన్నారు ఒకరు, కారం కొట్టమన్నారు ఒకరు. "ఇంత మందు పెడితే పీడ పోతది," అన్నాడు ఎరువుల దుకాణం ఆయన.

"జర ఆగున్రి," అన్నాడు మామ. "నేను జూసుకుంట."

మొదట గొలుసుతో కట్టేశాడు. అది రెండు రోజులు తిండి ముట్టకుండా ఏడ్చింది. తరువాత ఒక తుమ్మకొయ్యను మూరెడు పొడవున తన గీతకత్తితోనే నున్నగా చెక్కాడు, తప్పించుకుపోయే గొడ్డు మెడకు కట్టే గుదికొయ్యలాగా. పరుగెత్తబోతే అది ముందుకాళ్లకు తగిలి ఆపుతుంది. కట్టడానికి తాడు కావలసి వస్తే, దూలానికి వేలాడుతున్న మోకును దింపి, తాను చెట్లెక్కడానికి వాడిన ఆ తాడులోంచే రెండు మూరలు కోశాడు. పద్మ అత్త అప్పుడే చేటలో బియ్యం చెరుగుతోంది. ఆయన కోస్తుండగా చూసింది. చేట పట్టుకుని లోపలికి పోయింది.

కొయ్య పనిచేసింది. మోతి రెండు నెలలు ఎవరి వెంటా పడలేదు. బండి వస్తే లేచేది, నాలుగడుగులు వేసేది, కొయ్య మోకాళ్లకు కొట్టుకుని ఆగిపోయేది. మేం పందేలు మానేశాం. దాని మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి, పుండు పడి, ఈగలు ముసరడం మొదలైంది.

బతుకమ్మ పండుగ నడుస్తోంది. నేనూ నా జతగాళ్లూ పొద్దంతా చేలగట్ల మీద తిరిగి గునుగు, తంగేడు పూలు కోసుకొచ్చేవాళ్లం. గునుగు కొసలకు రంగులద్ది అద్ది మా వేళ్లన్నీ ఊదా, ఆకుపచ్చ అయిపోయేవి. ఇళ్లల్లో పండుగ చివరిరోజు పెట్టే సద్దుల కోసం నువ్వులూ పల్లీలూ వేయిస్తుంటే వాడంతా కమ్మటి వాసన తిరిగేది. ఆ సద్దుల బతుకమ్మకు ముందురోజు అమ్మా నాయినా కొత్తబట్టలకని బండి మీద కట్టంగూర్ పోయారు. నేను పూలు తడిబట్టలో చుట్టి వచ్చేసరికి మోతి మా గోడ నీడన పడుకుని ఉంది. మామ ఇంట్లో నిద్రపోతున్నాడు. పుండుకు పసుపు పెడదామనుకున్నాను. తాడు ఉండగా పెట్టడం కుదరలేదు. గోళ్లతో పీకి పీకి ముడి విప్పాను, చాలాసేపు పట్టింది. మళ్లీ కట్టేద్దామనే అనుకున్నాను. పసుపు కోసం లోపలికి పోయి డబ్బాలోంచి పిడికెడు తీస్తుండగా బండి శబ్దం వినబడింది. అది మా బండే.

నేను గుమ్మం దాటేసరికి బండి పక్కకు పడి ఉంది, వెనకచక్రం ఇంకా తిరుగుతోంది. అమ్మ సిమెంటు మీద బోర్లా పడి ఉంది. కొన్న అరటిపండ్లు రోడ్డంతా చెదిరి, కొత్త లంగా గుడ్డ సంచిలోంచి సగం బయటికి వచ్చి మట్టిలో ఉంది. మోతి కొంచెం దూరంగా నిలబడి తోక ఊపుతోంది. అమ్మ అరవలేదు. "నా చెయ్యి, నా చెయ్యి" అని మెల్లగా అంటోంది. భుజం ఎముక విరిగింది.

అమ్మను ఆటోలో ఎక్కిస్తూనే నాయిన వెనక్కి తిరిగి మామ ఇంటి వైపు అరిచాడు.

"యాదగిరీ! దాని మెడకున్న కట్టె ఎవలిప్పిన్రు?"

మామ కర్ర ఊతంతో బయటికొచ్చాడు. గోడ పక్కన పడి ఉన్న తాడు తీసి చూశాడు. దానికి నా వేళ్ల మీది ఊదారంగు అంటింది. ఆయన నా వైపు చూశాడు. నా పిడికిట్లో పసుపు ఉంది. తాడును చేతికి చుట్టుకుని అన్నాడు:

"నేనే ఇప్పిన బావా. పుండు వడ్డది. సూడబుద్ది గాలే."

నాయిన ఆయన్ని నోటికి వచ్చినట్టు తిట్టాడు. వాడంతా విన్నది. మామ తల దించుకుని నిలబడ్డాడు. నేను నోరు తెరవలేదు. భయం వేసిందని చెప్పడానికి కూడా లేదు, లోపల ఏమీ కదలలేదు. పిడికిలి విప్పితే చెయ్యంతా పచ్చగా ఉంది, తొట్టి దగ్గరికి పోయి కడుక్కున్నాను.

రెండు రోజుల తర్వాత, అమ్మ చేతికి కట్టుతో ఇంటికొచ్చాక, నాయిన ఒక గోనెసంచి తీశాడు. చంపడానికి ఆయనకు మనసొప్పలేదు. దూరంగా విడిచి వస్తానని మామతో చెప్పాడు, మామ సరేనన్నాడు. సన్నటి వాన పడుతోంది. "నువ్వు పట్టుకుంటె గది గదలదు, రా బిడ్డా," అని నాయిన నన్ను బండెక్కించాడు. నాకూ ఆయనకూ మధ్య సంచిలో మోతి, తల మాత్రం బయటికి. కరుస్తుందేమో, దూకుతుందేమో అనుకున్నాను. అన్ని నెలలు బండ్ల వెంట పడిన కుక్క, బండెక్కాక అసలు కదలలేదు. తడిసిన తలను నా ముంజేతి మీద ఆనించి, ఎదురొచ్చే గాలికి కళ్లు సగం మూసుకుని కూర్చుంది.

కట్టంగూర్ దాటి హైవే మీద నార్కట్‌పల్లి వైపు చాలా దూరం పోయాక ఒక ధాబా వచ్చింది. "ఈడ తిండికి తిప్పలుండదు," అని నాయిన బండాపాడు. దానికి రెండు జొన్నరొట్టెలు వేశాడు. అది తింటుండగా బండి తిప్పాడు.

"ఎన్కకు సూడకు," అన్నాడు.

చూశాను. మోతి రొట్టె విడిచిపెట్టి మా వెంట ఉరుకుతోంది. ఎప్పుడూ మొరుగుతూ ఉరికే కుక్క, ఆరోజు మొరగలేదు. లారీలు దాని పక్కనుంచి నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. నాయిన వేగం పెంచాడు. అది చిన్నదై, ఇంకా చిన్నదై, వానలో కలిసిపోయింది. నా చేతిలో ఖాళీ సంచి ఇంకా వెచ్చగానే ఉంది. ఏడవాలని ప్రయత్నించాను, రాలేదు.

ఆ సాయంత్రం మామ గోడ అవతలినుంచి నన్ను పిలిచాడు. ముడి సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు.

"తిండి దొరికే జాగనేనా బిడ్డా?"

"ధాబా ఉంది మామా."

"ఎంబడి ఉరికిందా?"

"లేదు మామా. రొట్టె తినుకుంట కూసుంది."

ఆయన తల ఊపి లోపలికి పోయాడు. నాయినా ఆయనా ఏడాదిపాటు మాట్లాడుకోలేదు. తర్వాత పద్మ అత్త ఇంటి ముందు చిన్న కిరాణా డబ్బా పెడితే తలుపులు బిగించడానికి నాయినే పోయాడు, మాటలు కలిశాయి. అమ్మ భుజం అతికింది. చలికాలం పొద్దుల్లో ఇప్పటికీ ఆ చెయ్యి పైకి లేవదు. నేను పదో తరగతి, ఇంటరు, డిగ్రీ చదివాను. ముడి విప్పింది నేనేనని ఇంట్లో చెప్పడానికి ఎన్నోసార్లు అవకాశం వచ్చింది. చెప్పలేదు.

ఉద్యోగానికి షాద్‌నగర్ వచ్చే ముందురోజు మామ డబ్బా దగ్గర బిస్కెట్లు కొంటూ, ఏమీ ఆలోచించకుండానే, "మామా, ఆనాడు మోతి మా ఎంబడి ఉరికింది. నీకు అబద్ధం జెప్పిన," అన్నాను. ఆయన బిస్కెట్ పొట్లాం కాగితంలో చుట్టడం ఆపలేదు.

"నాకెర్కనే బిడ్డా," అన్నాడు. "ఉరకకుంట ఎట్లుంటది."

"మరి ముడి..."

"గదిప్పుడెందుకు," అని పొట్లాం నా చేతిలో పెట్టాడు. "పొయ్యిరా. మంచిగ తిను."

ఆ రాత్రి అమ్మకు అన్నీ చెప్పాను. ఆమె కుడిచేత్తో ఎడమ భుజం రుద్దుకుంటూ విన్నది. "మీ నాయినకు జెప్పకు. యాదగిరిని తిట్టిన తిట్లు యాది జేసుకుని కుములుతడు," అన్నది. అంతే.

ఇప్పుడు మా వాడలో బండి లేని ఇల్లు లేదు, రోడ్డుకు అడ్డంగా రెండు స్పీడ్‌బ్రేకర్లు వేశారు. తాటివనం సగం కొట్టేసి ప్లాట్లకు రాళ్లు పాతారు. మామ తర్వాత వాళ్లింట్లో ఎవరూ తాటిచెట్టెక్కలేదు. అష్టాచెమ్మ గీసుకున్న మా అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. నెలకోసారి ఊరికి పోతుంటే బస్సు నార్కట్‌పల్లి దాటగానే నేను కిటికీ వైపు జరిగి కూర్చుంటాను. ఆ ధాబా లేదు. దాని స్థలంలో సర్వీసు రోడ్డో, వంతెనో, పెట్రోలు బంకో ఏదో వచ్చింది, బస్సు ఎక్కడా ఆగకుండా పోతుంది. మోతిని ఎక్కడ దింపామో వేలుపెట్టి చూపించమంటే నేను చూపించలేను.