ఖాదర్ మామ ముట్టుకోని బండి

నేను చదివింది ఐదో తరగతి వరకే. బండ్ల మీద రాసిన అక్షరాలు చదవడం తప్ప, కూర్చుని రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పిపోతాయో నాకే తెలియదు, ముందే చెబుతున్నాను, చిన్నచూపు చూడకండి. ఈరోజు పొద్దున ఆటోలో ఆయిల్ చూసే పుల్ల బయటికి తీసి గుడ్డతో తుడిచాను. వేలికి అంటిన నూనె వాసనకి ఖాదర్ మామ గుర్తొచ్చి, పని ఆపి ఈ నోట్సు ముందు కూర్చున్నాను. ఆయన మీకెవరికీ తెలియదు. తెలిసినవాళ్ళలో కొందరు ఆయన్ని ఇంకా నేను చెప్పిన మాటతోనే గుర్తుపెట్టుకున్నారేమోనని నాకు అనుమానం. అందుకే రాస్తున్నాను.

ఉదయగిరిలో కొండ వైపు ఎక్కే వీధిలో రవణమ్మక్కకి మూడు అద్దె గదులు వరసగా ఉండేవి. ఒకదానిలో నేనూ నా భార్య సుజాతా, పక్కదానిలో ఖాదర్ మామ. చాలా ఏళ్ళు లారీ నడిపి, చూపు మందగించాక మానేశాడు. భార్య పోయింది. కూతురు ఆత్మకూరులో కాపురం. నేను ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య ఆటో తిప్పేవాణ్ణి. ఆయిల్ మార్పించడానికి షెడ్డుకి పోతుంటే ఒకరోజు ఆయనే అడ్డం నిలబడ్డాడు.

“షెడ్డోడు పాత ఆయిలే వడగట్టి పోస్తే నీకు తెలస్తాదా? నీ బండి, నీ చేతులు. నేర్చుకోరా.”

మొదటిసారి కింద బోల్టు తీసి పాత నూనె వంపేశాను. పైనుంచి కొత్తది పోస్తూ ఉంటే కాళ్ళకి జిడ్డుగా తగిలింది. చూస్తే బోల్టు నా జేబులోనే ఉంది.

“శెబాష్‌రా శీనయ్యా! నేలకి సర్వీసింగ్ చేసినావు. ఇంక మన వీధి మద్రాసు దాకా పరిగెత్తుద్ది,” అని ఖాదర్ మామ గోడకి ఆనుకుని నవ్వాడు. రెండోసారి పాత వాషరే వేసి బిగిస్తే నాలుగు రోజులు చుక్కచుక్కగా కారింది. అప్పుడు నవ్వలేదు. నా చేతిలోంచి పానా లాక్కుని, “ముందు చేత్తో మూడు చుట్లు తిప్పు. చేతికి తెలిసేది పానాకి తెలవదు,” అన్నాడు.

మూడోసారి తప్పు లేకుండా మార్చాను. ఆత్మకూరు స్టాండులో పుల్ల తీసి చూస్తే నూనె సరిగ్గా దాని మీది గీత దగ్గరుంది. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర చూస్తే గీతకి బాగా కింద ఉంది. బండి కింద చుక్క లేదు. కారకుండా నూనె ఎటు పోతుంది? మళ్ళీ పోశాను. రెండు రోజులకి మళ్ళీ తగ్గింది. వీధి మొత్తానికి ఆ బోల్టు విప్పడం తెలిసినవాడు ఒక్కడే, నాకు నేర్పినవాడు. పైగా ఆయన తెల్లవారుజామున నమాజుకి పోయి వచ్చేటప్పుడు నా బండి దగ్గర వంగి నేల తడిమి, వేలు వాసన చూడటం కిటికీలోంచి చూశాను.

సుజాత గోళ్ళరంగు తీసుకుని బోల్టుకీ ఇంజనుకీ కలిపి గీత గీశాను. విప్పితే గీత చెదరాలి. పొద్దునకి గీత అలాగే ఉంది, నూనె మాత్రం తగ్గింది. పైనుంచి గొట్టం పెట్టి లాగుతున్నాడనుకున్నాను.

“ఆయన నీ ఆయిల్ తీసుకుని దోసెలు పోసుకుంటాడా ఏంది?” అంది సుజాత.

“నీకు తెలవదు, ఊరుకో.”

ఇంకో పొద్దున నూనె పుల్ల మీది గీతకన్నా ఎక్కువ కనిపించింది. దొంగ భయపడి తిరిగి పోశాడనుకున్నాను. ఏ మురికి నూనె పోశాడోనని ఆరోజంతా ఇంజన్ చప్పుడు వింటూనే నడిపాను. అనుమానం పడితే అన్నీ సాక్ష్యాలే. ఆయన నన్ను ఆపి, “రేయ్, పొగ తెల్లంగా వస్తా ఉండాది, చూసుకున్నావా?” అంటే, చేసిందంతా చేసి మంచివాడిలా అడుగుతున్నాడని పళ్ళు కొరుక్కున్నాను. నేరుగా రవణమ్మక్క దగ్గరికి పోయి, ఖాదర్ మామ నా ఆయిల్ తీస్తున్నాడని చెప్పాను.

“తీస్తా ఉంటే నీ కళ్ళతో చూసినావా?” అని అడిగింది.

“చూసినానక్కా.”

చూడలేదు. ఆ ఒక్క మాటకి ఆయన్ని శుక్రవారంలోగా గది ఖాళీ చేయమంది. ఖాదర్ మామ గొడవ పెట్టుకోలేదు. గురువారం పొద్దున నా గుమ్మం ముందుకొచ్చి, “సామాన్లు కూతురింటికి చేర్చాల. నీ ఆటో కడతావా?” అన్నాడు. ఇందులో ఏం మెలిక ఉందోనని దారంతా అద్దంలో ఆయన్నే చూస్తూ నడిపాను. ఆయన ట్రంకు పెట్టె పట్టుకుని వెనక్కి తిరిగి పొగ చూస్తున్నాడు.

ఆత్మకూరులో కూతురిది చదునైన వీధి. సామాన్లు దించాక, “పుల్ల తీయి,” అన్నాడు. తీశాను. నూనె గీత దాటి రెండు వేళ్ళు పైకి ఉంది.

“ఎక్కువుండాది కదరా. ఏ దొంగన్నా నూనె పోసి పోతాడా? ఇంటికాడ బండి ఏ పక్కకి పెడతావు?”

“ఒకోరోజు ఎగువకి, ఒకోరోజు దిగువకి.”

“అదీ సంగతి. కారతా ఉండాదేమోనని నేనూ తెల్లారుజామున నేల తడిమి చూసినా, చుక్క లేదు. వాలుని బట్టి నూనె ఒక పక్కకి జారతాది. నువ్వు పుల్లని చూసినావు, నేలని చూడలా. ఉన్న నూనె మీదే పోస్తా వచ్చినావు. అందుకే ఆ పొగ.”

“మామా...” అన్నాను.

“నువ్వు చూసినావని రవణమ్మ చెప్పిందిరా. ఏం చూసినావు?”

పుల్లని గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాను. చివరికి, “నేను పోయి నిజం చెప్తాను. మళ్ళీ వచ్చేయి మామా,” అన్నాను.

“చెప్పు. చెప్పాల. నేను మాత్రం రాను. రేపు బ్రేక్ ఆయిల్ తగ్గితే మళ్ళా నా తలుపు వైపే చూస్తావు.”

ఆ సాయంత్రమే రవణమ్మక్కకి చెప్పాను. “నోరు బోల్టు కాదురా, విప్పినాక మళ్ళా బిగించేదానికి,” అంది. ఆమె కబురు పంపినా ఆయన రాలేదు.

తర్వాత ఆయిల్ మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆత్మకూరు పోయి ఆయన గుమ్మం ముందే మార్చాను. మొదటిసారి పోయినప్పుడు రెండు చేతులూ పైకెత్తి, “నేను ముట్టుకోలా, అందరూ చూసుకోండి,” అన్నాడు. కూతురు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ మాట మళ్ళీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి నా బండి దగ్గర ఆయన చేతులు వెనక్కి కట్టుకునే నిలబడేవాడు. బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్, రేడియేటర్ నీళ్ళు, అన్నీ నోటితోనే నేర్పాడు. ఒకసారి వేడి మీదే రేడియేటర్ మూత తిప్పబోయాను. బుస్సుమని ఆవిరి లేచింది. ఆయన చేతులు ముందుకొచ్చి, సగంలో ఆగి, మళ్ళీ వెనక్కి పోయాయి. “గుడ్డ కప్పి దూరం జరగరా!” అని మాత్రం అరిచాడు. చెయ్యి కాలలేదు, కానీ ఆ సగంలో ఆగిన చేతులు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు బండి చదును నేల మీద పెట్టాకే పుల్ల తీస్తాను. అయినా ఏదైనా తగ్గితే నా చూపు ముందు పక్కింటి తలుపు మీదకే పోతుంది. అబద్ధం ఎందుకు, ఆ బుద్ధి పూర్తిగా పోలేదు. అప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరుగుతాను. ఎక్కువసార్లు తప్పు నాదే అయి ఉంటుంది.

ఈ రాతలో తప్పులుంటే దిద్దుకుని చదివి, నన్ను మన్నించండి. మిమ్మల్ని అడగడం తేలికగానే ఉంది. ఆయన్ని అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేకపోయాను.