రోశమ్మ చెప్పిన రెండు అబద్ధాలు

మంత్రసాని రోశమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మాచర్ల దాటి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఆవిడ ఊరు. బిడ్డకు ఇంకా బొడ్డు ఊడకముందే ఆడో మగో ఊరంతా టముకేసి వచ్చేది. పోనీ ఉన్నదున్నట్టు చెబుతుందా అంటే, అట్లా చెబితే ఆవిడకు అన్నం సయించదు. పిడికెడు బిడ్డ పుడితే గుమ్మడికాయంత అనేది. నక్క మేకపిల్లను ఎత్తుకుపోతే చిరుత అనేది, చిరుతను సాయంత్రానికి పెద్దపులి చేసేది. జనం మాత్రం తక్కువ తిన్నారా? పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా సరే, నోళ్ళు వెళ్ళబెట్టుకుని వినేవాళ్ళు.

ఆవిడ జీవితంలో ఆడిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, నలభై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో ఒకే రోజు ఆడిన రెండూ ఒక ఎత్తు.

అప్పటికి కృష్ణ అవతలి ఒడ్డు నిజాంది. అక్కడ రజాకార్లు ఊళ్ళు తగలబెడుతుంటే జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పుట్టి పడవెక్కి ఏరు దాటి వస్తున్నారు. వాళ్ళు చెప్పే మాటలు వింటే ముద్ద దిగేది కాదు. రోశమ్మ ఊరి హనుమయ్య బావను కూడా అవతలే చంపేశారు. అక్క బొట్టు లేకుండా వచ్చి పుట్టింట్లో కూర్చుంది. అది అబద్ధం కాదు. రోశమ్మ ఎంత పెంచినా అంతకంటే పెద్దది కాలేని నిజం అది.

ఆ పొద్దున ఏటి ఒడ్డున, పారిపోయి వచ్చిన ఒకామెకు పురుడు పోసి రోశమ్మ ఇంటికి తిరిగి వస్తోంది. పుట్టి దిగి నలుగురు మగాళ్ళు ఎదురయ్యారు. గడ్డాలున్నాయి. ఒకడి భుజం మీద మనిషంత పొడుగున గోనెపట్టా చుట్టిన వస్తువేదో ఉంది. వాళ్ళు వచ్చి వచ్చి దూదేకుల సైదులు ఇంట్లోకి పోయారు. సైదులు దూది ఏకి పరుపులు కుట్టే సాయిబు, అతని భార్య పీరాంబీ రోశమ్మకు చెల్లెలి వరస.

ఇంతే చూసింది. బావి దగ్గర ఆడవాళ్ళు "ఏంది అత్తా కబుర్లు?" అనేసరికి ఆగలేకపోయింది.

"నలుగురు దిగారే! ఇంత పొడుగు వస్తువు, గోనె చుట్టి ఉంది. తుపాకో, ఏమో! నాకెందుకు తల్లీ చెప్పటం!"

చెప్పేసింది, చక్కా పోయి గంజి తాగి పడుకుంది.

ఆ "ఏమో" బావి దగ్గరే ఊడిపోయింది. తుపాకి మాత్రం ఊళ్ళోకి పోయింది. మొదటి వీధిలో నలుగురు పదిమందయ్యారు, రచ్చబండ దగ్గరకు పోయేసరికి నలభై. ఎవడూ కావాలని అబద్ధం ఆడలేదండీ, తనకు చెప్పినదానికి పిసరంత కలిపాడు, అంతే. పక్కవాడికంటే ఓ మాట ఎక్కువ తెలిసినవాడికి ఆ పూట ఎంత మర్యాదో!

మధ్యాహ్నం పక్కింటి అనసూయ రొప్పుకుంటూ వచ్చి రోశమ్మను లేపింది.

"అత్తా, తలుపేసుకో! సైదులు ఇంట్లో నలభై మంది రజాకార్లు దాక్కున్నారంట. చీకటి పడితే ఊరు ఊరంతా కోస్తారంట!"

రోశమ్మ గబగబా గొళ్ళెం పెట్టింది. పెట్టాక అడిగింది, "ఎవరు చూశారే?"

"అదేంది, నువ్వే చూశావంట గదా!"

తను కన్న అబద్ధమే ముసుగేసుకుని వచ్చి తన్ను దడిపించినట్టయింది ఆవిడకు. "ఏం చేస్తున్నారు మనవాళ్ళు?" అంది.

"గొడ్డళ్ళు నూరుతున్నారు. వాళ్ళు కోయకముందే మనమే కోద్దామని."

రోశమ్మ చెంగు కూడా సర్దుకోకుండా రచ్చబండకు పరిగెత్తింది. ముప్పై మంది ఉన్నారు. కత్తులు, బరిసెలు, గొడ్డళ్ళు. ముందు హనుమయ్య.

"ఒరేయ్, నేను చూసింది నలుగుర్నేరా! తుపాకి నేను చూళ్ళేదు, నోటి దురదకొద్దీ అన్నాను. నా నాలిక కోసి కాకులకెయ్యండి!"

ఎవడు నమ్ముతాడు? ఇన్నేళ్ళూ ఆవిడ చెప్పిన ప్రతి అబద్ధాన్నీ నమ్మినవాళ్ళు, ఒక్క నిజం చెప్పేసరికి పెదవి విరిచారు. "పాపం, వాళ్ళు బెదిరించినట్టున్నారు" అన్నాడు బాలకోటయ్య. "మన మంత్రసానినే బెదిరిస్తారా!" అన్నాడు శివయ్య. కోపం ఇంకో జానెడు పెరిగింది. కదిలారు.

రోశమ్మ అడ్డదారిన పడి, వాళ్ళకంటే ముందు పీరాంబీ వాకిట్లో నిలబడింది. లోపల పీరాంబీ పిల్లల్ని ఒళ్ళో పొదువుకుని వణుకుతోంది. సైదులు పెదవులు తెల్లబడ్డాయి. ఈ ఇంట్లో ఒక్క ప్రాణం పోయినా తన నోరే తీసినట్టని రోశమ్మకు తెలుసు. ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడిస్తే ఎవడు ఆగుతాడు? తిట్టటం మొదలుపెట్టింది.

"రారా బాలకోటా, రా! కాళ్ళు ముందు పెట్టి పుట్టావు, ఇంతవరకూ నీకు తల ఎటో కాళ్ళెటో తెలియలేదు. ఒరేయ్ శివా, నువ్వు పుట్టి గడియసేపు ఏడవకపోతే వీపు మీద ఎన్ని చరిచానో! ఆ చరుపు ఇంకోటి వెయ్యనా? కోడిపందెం కోసం కారెంపూడిలో వేలమందిని చంపుకున్న సీమ కదరా మనది! వాళ్ళకు కోడన్నా ఉంది, మీకు ఈకైనా ఉందా?"

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. కానీ హనుమయ్య నవ్వలేదు. "అడ్డం లే అత్తా. మా బావను చంపారు" అని గొడ్డలి ఎత్తాడు.

అప్పుడు వచ్చింది రెండో అబద్ధం. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు.

"నరకరా! నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు పురిటి జ్వరమొచ్చి పాలు పడకపోతే, నిన్ను చెంగులో దాచి ఈ గడపకే తెచ్చా. నెలరోజులు పీరాంబీ రొమ్ము కుడిచి బతికావు. ఎవరికీ చెప్పనని మీ అమ్మకు మాటిచ్చా, ఇన్నేళ్ళూ దాచా. ఆ పాలు కక్కేసి అప్పుడు నరుకు!"

హనుమయ్య గొడ్డలి దిగిపోయింది. అతను ఒకడుగు వెనక్కి వేశాడు. అతని వెనక ముప్పై మందీ ఒకడుగు వేశారు.

సందు దొరికితే వదిలే మనిషా రోశమ్మ? "తెండయ్యా మీ తుపాకి!" అని లోపలికి కేకేసింది. పీరాంబీ అన్నదమ్ములు నలుగురూ వణుక్కుంటూ గోనె చుట్టిన వస్తువు తెచ్చారు. వాళ్ళూ రజాకార్లలో కలవలేక పారిపోయి వచ్చినవాళ్ళే. పట్టా విప్పితే దూదేకే విల్లు! తడి తగిలితే దాని నరం సాగిపోతుందని చుట్టుకొచ్చారు. రోశమ్మ ఆ నరాన్ని లాగి వదిలింది. ధంయ్‌మని మోగి, పాత దూది ఎగిరి శివయ్య మీసం మీద వాలింది.

ఎవరు ముందు నవ్వారో గానీ, కాసేపటికి ముప్పై మందీ పగలబడి నవ్వారు. "మా పరుపు ఉండకట్టింది, రేపు రా సైదులూ" అని బాలకోటయ్య సిగ్గులేకుండా బేరం కూడా పెట్టాడు. పీరాంబీ మాత్రం నవ్వలేదు. ఆవిడ వణుకు వారంరోజులు తగ్గలేదు.

అందరూ పోయాక ఆవిడ మెల్లగా అడిగింది. "అక్కా, హనుమయ్య పుట్టిన రెండేళ్ళకు గదా నేను ఈ ఊరికి కాపరానికొచ్చింది?"

"నోర్ముయ్" అంది రోశమ్మ.

ఆ తర్వాత హనుమయ్య పీరాంబీని అమ్మా అని పిలవటం మొదలుపెట్టాడు. మరుసటేడు ఆవిడకు జ్వరం తగిలితే రోజూ ముంతెడు మేకపాలు కాచి తెచ్చేవాడు. అది రోశమ్మ రోజూ చూసేది. బతుకంతా అబద్ధాలాడి హాయిగా నిద్రపోయిన మనిషికి ఈ ఒక్కటీ అరగలేదు. ఒకరోజు దారిలో అతన్ని ఆపింది.

"ఒరేయ్ హనుమా, నేను ఆనాడు చెప్పిన పాల సంగతి..."

"అబద్ధమని తెలుసులే అత్తా. ఆ సాయంత్రమే మా అమ్మ నా నెత్తిన మొట్టి చెప్పింది, మూడేళ్ళు తన పాలే తాగానని. పీరాంబీ ఎప్పుడు కాపరానికొచ్చిందో ఊళ్ళో ఎవరికి తెలియదు?"

"ఓరి నీ మొహం మండ! మరి ఎవడూ అనడేం?"

"అక్కడికొచ్చాక అందరికీ కాళ్ళు వణికాయి అత్తా. కానీ ముందు ఎనక్కి తిరిగినోణ్ణి పిరికోడంటారని ఒకడి మొహం ఒకడు చూసుకుంటన్నాం. నువ్వు ఓ సాకిచ్చావు. పట్టుకున్నాం."

రోశమ్మ అడగకుండా ఉండలేక అడిగింది.

"మరి నాకు ఆ అబద్ధం తోచకపోతేరా?"

హనుమయ్య చేతిలో ముంతకేసి చూశాడు.

"నరికేవాణ్ణి అత్తా" అన్నాడు. పాలు చల్లారిపోతున్నాయని పీరాంబీ ఇంటికి గబగబా నడిచాడు.